బ్లాకు పడితే సరిపోదు తమ్ముడూ

నెల్లూరు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

ఒంగోలులో మత్తు డాక్టరుగా చేరావనీ, చీమకుర్తి క్వారీల నుంచి చేతులు నలిగినవాళ్లు వస్తున్నారనీ రాశావు. బ్లాకులు, అదే ఆ చెయ్యి వరకే మొద్దుబారేలా నరం దగ్గర వేసే మత్తు, బాగానే పడుతున్నా పేషెంట్లు మొహం మాడ్చుకుని పోతున్నారన్నావు. అల్ట్రాసౌండులో నరం చూసి మందు వేయడం నీకు నేను చెప్పక్కర్లేదు. నువ్వు ముందుగా ఏం చెబుతున్నావన్నదే నా అనుమానం.

"ఏమీ తెలీదు, భయపడొద్దు" అనకు. నొప్పి పోతుంది గానీ తాకడం, లాగడం, నొక్కడం కొంత తెలుస్తూనే ఉంటాయి. ఆ మాట ముందే చెప్పకపోతే, కత్తి పెట్టగానే "సార్, ఏందో లాగతా ఉండారు, నాకు తెలుస్తా ఉంది!" అని అరుస్తాడు. అప్పుడు నొప్పా, ఉత్త లాగుడా అని అడుగు. నొప్పి అంటే నమ్ము, వాదించకు. బుపివకైన్ మత్తుమందు పూర్తిగా పట్టడానికి అరగంట దాకా పట్టొచ్చు. స్పిరిట్ దూది పెట్టి, చల్లదనం తెలియడం లేదని చూసుకున్నాకే సర్జన్‌కి అప్పజెప్పు. ఆయన గడియారం చూస్తారు. చూసుకోనీ.

మనిషి మెలకువగా ఉన్నాడన్న సంగతి థియేటర్లో అందరూ మర్చిపోతారు. డ్రిల్లు మోత, మనవాళ్ల ఫోను కబుర్లు అన్నీ వింటుంటాడు. కాసేపు కునుకు పట్టే మందు కావాలా, మెలకువగానే ఉంటారా అని ముందే అడుగు. కొందరికి అంతా తెలుస్తుంటేనే ధైర్యం.

వెన్నుకి మత్తు అంటే మన వైపు ఆడవాళ్ల భయం ఒకటే, జన్మంతా నడుం నొప్పి అని. సూది పడినచోట కొన్నాళ్లు సలుపు ఉండొచ్చనీ, ఏళ్ల తరబడి ఉండే నొప్పికి సాధారణంగా వేరే కారణాలుంటాయనీ చెప్పు. లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తే మాత్రం దాచుకోకుండా చెప్పమను.

అసలు గొడవంతా రాత్రిపూట. పగలంతా చెయ్యి దుంగలా పడి ఉంటుంది, మనిషి హాయిగా నవ్వుతుంటాడు, ఇంటివాళ్లు నీకు దండాలు పెడతారు. ఏ అర్ధరాత్రో మత్తు దిగిపోయి నొప్పి ఒక్కసారిగా పైకొస్తుంది. అందుకని వేళ్లలో చీమలు పాకినట్టు అనిపించక ముందే మాత్ర పడాలి. నొప్పొచ్చాక వేసుకుందాంలే అంటే ఆలస్యమే. ఈ మాట పేషెంటుకి చెబితే చాలదు. పక్కన పడుకునే భార్యకో తల్లికో చెప్పు, టైము చీటీ మీద రాసివ్వు. స్పర్శ వచ్చేదాకా చెయ్యి స్లింగులోనే ఉండాలి, వేడి కాపడం పెట్టకూడదు. కాలర్ బోన్ పైన బ్లాకు వేస్తే ఆ వైపు కనురెప్ప వాలొచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. మత్తుతోపాటే తగ్గుతాయని ముందే చెప్పకపోతే పక్షవాతమని గగ్గోలు పెడతారు, వాళ్ల తప్పేం లేదు. ఆయాసం వస్తే మాత్రం వెంటనే పిలవమను.

మర్నాడు వార్డుకి నువ్వే వెళ్లు, సర్జన్ లేనప్పుడు. "బాగుందా?" అని అడగొద్దు. డాక్టరు అడిగితే మనవాళ్లు "బాగుంది సార్" అనే అంటారు. "మళ్లీ ఆపరేషన్ పడితే ఇదే మత్తు కావాలంటారా?" అని అడుగు. "వద్దు సార్" అన్నవాళ్ల దగ్గర స్టూలు లాక్కుని కూర్చో. సూది నొప్పా, చలా, రాత్రి బాధా, ఎవరూ పలకరించకపోవడమా అని ఒక్కొక్కటే అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు కేసు షీటులో రాసుకో.

ఇట్లు,
నీ అన్న