వర్డ్‌లో గీత పడకపోతే ఇంగ్లిష్ ఒప్పయినట్టేనా?

ప్రశ్న: పీజీ దరఖాస్తు కోసం వర్డ్‌లో ఇంగ్లిష్ వ్యాసం రాస్తున్నాను. ‘ఐ యామ్ ఆల్వేస్ లవింగ్ ద సీ’, ‘ఐ ఆల్వేస్ డోంట్ ఫీల్ అఫ్రెయిడ్’ అన్న వాక్యాలు తప్పని మా లెక్చరర్ అంటున్నారు. వర్డ్ మాత్రం కింద గీత పెట్టలేదు. లోపం సెట్టింగ్‌లో ఉందా, నా ఇంగ్లిష్‌లోనా?
– ఓ విద్యార్థిని, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ముందు సెట్టింగ్ చూడండి. కంట్రోల్+ఎ నొక్కి మొత్తం సెలెక్ట్ చేసి, రివ్యూ ట్యాబ్‌లో లాంగ్వేజ్, అందులో సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్ తెరవండి. ఇంగ్లిష్ ఎంచుకుని, కింద ‘డు నాట్ చెక్ స్పెల్లింగ్ ఆర్ గ్రామర్’ పక్కన టిక్ ఉంటే తీసేయండి. వేరే ఫైల్ నుంచి పేస్ట్ చేసిన పేరాలతో ఈ టిక్ కూడా వచ్చేస్తుంటుంది. తర్వాత ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్‌లోకి వెళ్లి ‘మార్క్ గ్రామర్ ఎర్రర్స్ యాజ్ యూ టైప్’కు టిక్ ఉందో లేదో చూసి, ఎఫ్7 నొక్కండి.

ఇవన్నీ సరిచేసినా మొదటి వాక్యం కింద గీత పడుతుందన్న నమ్మకం లేదు. ‘హీ ఈజ్ ఆల్వేస్ కంప్లైనింగ్’ అన్నది సరైన ఇంగ్లిషే. ఎప్పుడు చూసినా ఫిర్యాదులేనని విసుక్కునేటప్పుడు అలాగే అంటారు. మీ వాక్యం అచ్చు కూడా అదే కాబట్టి సాఫ్ట్‌వేర్ వదిలేయవచ్చు. తేడా అంతా క్రియలో ఉంది. లవ్, లైక్, హేట్, ప్రిఫర్ లాంటివి మనసులో నిలిచి ఉండే స్థితిని చెబుతాయి. రాతలో వాటికి ఐఎన్‌జీ తగిలించకూడదు. ‘ఐ హ్యావ్ ఆల్వేస్ లవ్డ్ ద సీ’ అని రాస్తే చిన్నప్పటి నుంచీ ఉన్న ఇష్టం తెలుస్తుంది. ఫీల్ సంగతి కాస్త వేరు: ఈ క్షణం గురించైతే ‘ఐ యామ్ ఫీలింగ్ టైర్డ్’ తప్పు కాదు. తరచూ జరిగేదైతే ‘ఐ ఆఫెన్ ఫీల్ టైర్డ్’ అనే రాయాలి.

రెండో వాక్యంలో తప్పు తెలుగు నుంచి వచ్చింది. మన ‘ఎప్పుడూ’ రెండు పనులు చేస్తుంది. ‘ఎప్పుడూ భయపడతాను’ అంటే ఆల్వేస్, ‘ఎప్పుడూ భయపడను’ అంటే నెవర్. మాటకు మాట మార్చితే ‘ఆల్వేస్ డోంట్’ పుడుతుంది. మీరు రాయాల్సింది ‘ఐ నెవర్ ఫీల్ అఫ్రెయిడ్’. జాగ్రత్త, ‘ఐ డోంట్ ఆల్వేస్ ఫీల్ అఫ్రెయిడ్’ అంటే ఒక్కోసారి భయం వేస్తుందనే అర్థం. నెవర్, రేర్లీ తామే కాదనే పని చేస్తాయి, వాటి పక్కన మళ్లీ డోంట్ పెట్టవద్దు.

ఈ మాటల చోటు గురించి: ఫీల్, లవ్ లాంటి క్రియలకు ముందు, యామ్, ఈజ్, ఆర్‌లకు తర్వాత. ‘ఐ ఆఫెన్ ఫీల్ నెర్వస్’, కానీ ‘ఐ యామ్ ఆఫెన్ నెర్వస్’. హ్యావ్, క్యాన్ లాంటి సహాయక క్రియ ఉంటే దాని వెనక: ‘ఐ హ్యావ్ నెవర్ ఫెల్ట్ లోన్లీ’. సమ్‌టైమ్స్ మాత్రం వాక్యం మొదట్లోనూ చివర్లోనూ హాయిగా ఇముడుతుంది.

దరఖాస్తు పంపే ముందు కంట్రోల్+ఎఫ్ నొక్కి ఆల్వేస్, ఆఫెన్, నెవర్, రేర్లీలను ఒక్కొక్కటిగా వెతకండి. సెర్చ్ బాక్స్ పక్క బాణంలోని ఆప్షన్స్‌లో ‘ఫైండ్ హోల్ వర్డ్స్ ఓన్లీ’ టిక్ చేయండి, లేకపోతే ఆఫెన్ కోసం వెతికితే సాఫెన్ కూడా దొరుకుతుంది. దొరికిన ప్రతి చోటా పక్క క్రియ చివర ఐఎన్‌జీ ఉందా, పక్కన డోంట్ ఉందా, ఈ రెండే చూడండి.