గుర్రాలతో బతుకుదెరువు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: డిగ్రీ అయిపోయింది. 22 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ గుర్రమంటే ప్రాణం. జాకీ కావాలని కోరిక. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 68 కిలోలు. స్వారీ ఇంకా రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ముందు జాకీ సంగతి తేల్చేద్దాం. రేసులో ఏ గుర్రం ఎంత బరువు మోయాలో ముందే నిర్ణయిస్తారు. చాలా హ్యాండిక్యాప్ రేసుల్లో (మెరుగైన గుర్రానికి ఎక్కువ బరువు పెట్టే రేసులు) అది సుమారు 50 నుంచి 60 కిలోలు, జీనుతో కలిపి. మీ ఒడ్డూపొడవుకు ఆ దారి లేదు. కడుపు మాడ్చుకుని ప్రయత్నించకండి.

మిగిలినవి సైసు పని (గుర్రాన్ని మేపి, శుభ్రం చేసి, చూసుకునే పని), లాడాలు కొట్టే పని, స్వారీ నేర్పే పని. మూడింటికీ మొదటి మెట్టు సైసు పనే. సాగర్ రోడ్డు బస్సెక్కితే హైదరాబాద్‌లోని మలక్‌పేట రేస్‌కోర్సు మీకు మరీ దూరం కాదు. 1886లోనే గుర్రప్పందేలు మొదలైన చోటు అది. అక్కడ గుర్రాల బాగోగులు చూసేది ట్రైనర్లు. కాబట్టి ఆఫీసులో దరఖాస్తు పడేసి ఎదురుచూడటం కన్నా నేరుగా ట్రైనర్లను కలిసి, జీతం తక్కువైనా సరే ఆరు నెలలు పని నేర్పమని అడగండి. డిగ్రీ సంగతి వాళ్లు అడగరు. తెల్లవారకముందే లేస్తారా అని అడుగుతారు.

లేచాక మొదటి చూపు తొట్టి మీద పడాలి. రాత్రి వేసిన మేత మిగిలిందా? పేడ ఎన్నిసార్లు వేసింది? ఆ తర్వాత నాలుగు కాళ్లూ మోకాలి నుంచి గిట్ట దాకా అరచేత్తో తడమాలి. ఒక కాలు మిగతావాటికన్నా వెచ్చగా తగిలితే ఆ రోజు దాన్ని పరిగెత్తించకూడదు. గిట్టలోని మట్టి తీసేటప్పుడు పనిముట్టును మడమ వైపు నుంచి మొన వైపుకే లాగాలి. అడుగున మూడు మూలలుగా, మెత్తగా ఉండే భాగం నల్లబడి కంపు కొడుతుంటే కుళ్లు మొదలైనట్టే. తడి పేడలో నిలబెట్టడమే దానికి ముఖ్య కారణం. విశ్రాంతిలో ఉన్న గుర్రం నాడి నిమిషానికి 28 నుంచి 44, జ్వరమానిలో 99 నుంచి 101 డిగ్రీలు ఉండాలి. నాడి దవడ ఎముక కింద దొరుకుతుంది. మొదటి వారంలో చాలామందికి దొరకదు, కంగారుపడకండి.

మా సలహా అడిగితే, ఏడాది గడిచాక లాడాల పని వైపు వెళ్లండి. గిట్ట పెరుగుతూనే ఉంటుంది కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి లాడం విప్పి, చెక్కి, మళ్లీ కొట్టాల్సిందే. మేకు గిట్ట బయటి గోడలోనే పోవాలి. అడుగున కనిపించే తెల్ల గీత దాటి లోపలికి దిగితే గుర్రం అప్పుడే కాలు లాక్కుంటుంది, లేదా రెండు మూడు రోజుల్లో చీము పట్టి కుంటుతుంది. చేయి తిరగాలంటే రెండు మూడేళ్లు పడుతుంది. తిరిగినవాడికి పని వెతుక్కోవాల్సిన అవసరం ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. గుర్రాల డాక్టరు అవుతానంటున్నాడు. అలాంటి చదువు ఉందా?
– ఒక తండ్రి, వనపర్తి

జవాబు: గుర్రాలకే అని విడిగా డిగ్రీ లేదు. ఇంటర్‌లో బైపీసీ, తర్వాత నీట్ ర్యాంకుతో పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరుల్లో కాలేజీలున్నాయి. చదువంతా ఎక్కువగా ఆవులు, గేదెల చుట్టూ తిరుగుతుంది కనుక సెలవుల్లో గుర్రాల వైద్యుల దగ్గర పని చూడటం తప్పనిసరి. పట్టా చేతికొచ్చాక సైన్యంలో జంతువులను చూసుకునే విభాగమైన రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్‌కు అధికారిగా దరఖాస్తు చేయొచ్చు, దాని శిక్షణ కేంద్రం మీరట్‌లో ఉంది. అంత చదువు వద్దనుకుంటే పది తర్వాత మహబూబ్‌నగర్‌లోనే పశుసంవర్ధక పాలిటెక్నిక్ ఉంది.

ప్రశ్న: పెళ్లి ఊరేగింపులకు రెండు తెల్ల గుర్రాలు కొనాలనుకుంటున్నాను. ఖాళీ కోళ్ల షెడ్డు ఉంది, మేత కూడా చుట్టుపక్కలే దొరుకుతుంది. లాభం ఉంటుందా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: లెక్క పంచాంగంతో మొదలుపెట్టండి. ఆషాఢం, పుష్యం, మూఢాలు వచ్చాయంటే బేరాలుండవు, మేత ఖర్చు మాత్రం ఆగదు. పెళ్లిళ్లున్న నెలల సంపాదనతో పన్నెండు నెలలూ మేపగలరా అన్నది తేల్చుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

కొనేటప్పుడు రంగు కన్నా బరువు చూడండి. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదు. 80 కిలోల పెళ్లికొడుకు, 10 కిలోల జీను అంటే గుర్రం 450 కిలోలు ఉండాలి. చవగ్గా దొరికే పొట్టి గుర్రాలు దీనికి పనికిరావు.

షెడ్డు సరే, కోళ్ల మేత మాత్రం ఆ చుట్టుపక్కల ఉండకూడదు. అందులో రక్తపారుడు రాకుండా కలిపే మొనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కోడిని ఏమీ చేయవు గానీ గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీస్తాయి. విరుగుడు లేదు. పాత బస్తాలు, తొట్లు కూడా తీసేయండి. చుట్టుపక్కల చేలో పచ్చిజొన్న ఉందని గుర్రాన్ని అందులోకి వదలొద్దు. పచ్చిజొన్న మేసిన గుర్రాలకు మూత్రాశయం చెడి, వెనక కాళ్లు తడబడతాయి. బూజు పట్టిన మొక్కజొన్న మెదడునే పాడుచేస్తుంది.

450 కిలోల గుర్రానికి రోజుకు తేమ తీసేసిన ఎండు లెక్కన 7 నుంచి 9 కిలోల మేత కావాలి. అందులో కనీసం సగం గడ్డి, చొప్ప. ఉలవలు నానబెట్టి లేదా ఉడికించి పెట్టండి, దాణా ఏదైనా ఒక్క పూటలో రెండు కిలోలు దాటనీయకండి. దాని పొట్ట చిన్నది, వాంతి చేసుకోలేదు. ఎక్కువైతే కడుపు శూల ఎత్తి పొర్లుతుంది, పక్కలు చూసుకుంటుంది. అప్పుడు మేత తీసేసి వెంటనే డాక్టరును పిలవాలి, నాటు మందు గొట్టంతో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మేత మార్చాలంటే వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి. నీళ్లు 30 నుంచి 40 లీటర్లు, మన ఎండాకాలంలో ఇంకా ఎక్కువ.

డప్పులు, టపాసుల అలవాటు నెలల పని. దూరంగా, మెల్లగా డప్పు కొట్టిస్తూ, గుర్రం చెవులు వదులుగా పెట్టి మేస్తున్నప్పుడే ఒక్కో అడుగు దగ్గరికి రావాలి. కట్టేసి పక్కనే టపాసు పేల్చితే అలవాటు కాదు సరికదా, జీవితాంతం బెదురుతుంది.

డబ్బు చేతులు మారకముందు గ్లాండర్స్ రక్తపరీక్ష చేయించండి. ఆ జబ్బు మనుషులకూ సోకుతుంది, సోకిన గుర్రానికి చికిత్స చేయరు, చంపేయాల్సిందే. ఫలితం వచ్చేదాకా కొత్త గుర్రాన్ని మరో గుర్రంతో ఒకే తొట్టిలో నీళ్లు తాగనివ్వకండి.