దడ పుడితే ముందు కడుపు సంగతి చూడు

బిడ్డా,

మొన్న ఫోన్లో రెండు మాటలన్నావు. పొద్దున పదకొండు దాటితే గుండెదడ, చేతుల వణుకు. రాత్రయితే అన్నం సహించట్లేదు. మీ అమ్మేమో దిష్టి అంటోంది, మీ నాన్న గ్రూప్-2 టెన్షన్ అంటున్నాడు. ఇన్నేళ్లు ఆసుపత్రిలో రోగుల తిండి సంగతే చూసినదాన్ని, నేను మాత్రం నీ పూటల లెక్కే అడుగుతాను.

హాస్టల్ ఉప్మా నచ్చదని వదిలేస్తావు. చిక్కడపల్లి లైబ్రరీలో సీటు పోతుందని పరుగు. గేటు దగ్గర ఒక చాయ్, పదింటికి ఇంకొకటి, నిద్రొస్తోందని మరొకటి. రాత్రి తొమ్మిదికి తిన్న నాలుగు ముద్దల తర్వాత మధ్యాహ్నం రెండు దాకా, అంటే పదిహేడు గంటలు, కడుపులో చాయ్ తప్ప ఏమీ లేదు.

అంతసేపు తిండి లేకపోతే రక్తంలో చక్కెర పడిపోకుండా ఒళ్లు తన తిప్పలు తాను పడుతుంది. అడ్రినలిన్ లాంటి హార్మోన్లు వదిలి, కాలేయంలో దాచుకున్నది బయటికి తీస్తుంది. భయం వేసినప్పుడు ఊరేదీ ఆ అడ్రినలినే. దాని మీద చాయ్‌లోని కెఫీన్ తోడైతే కొందరికి గుండె కొట్టుకోవడం చెవులకు వినిపిస్తుంది, అరచేతులు చెమట పడతాయి. సరిగ్గా అప్పుడే నీ ముందు మాక్ టెస్ట్ పేపర్. ఒంట్లో వణుకెందుకో తెలియక మనసు "నాకేమీ రాదు, ఈసారీ పోతుంది" అనే కారణం వెతుక్కుంటుంది. నీ భయమంతా ఆకలే అనడం లేదు. కడుపులో ఏదైనా పడ్డాక కూడా ఆ దడ ఉంటుందా లేదా, అది ముందు తేల్చుకో.

ఉప్మాతో కుస్తీ పట్టకు. గదిలో అటుకులు పెట్టుకో, పెరుగులో నానేసి గుప్పెడు పల్లీలు కలుపుకుంటే పది నిమిషాల పని. సంచిలో పుట్నాలు, అరటిపండు ఉండాలి. చాయ్ ఒక్కసారిగా మానకు, తలనొప్పీ చిరాకూ వస్తాయి. మెల్లగా రెండుకు దించు. అదీ తిన్న గంటకు తాగు, లేకపోతే పప్పులో ఆకుకూరలో ఉన్న ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక వద్దే వద్దు. కెఫీన్ సగం దిగడానికే ఐదు గంటలదాకా పడుతుంది. రాత్రి నిద్ర చెడితే మర్నాడు మళ్లీ చాయే దిక్కవుతుంది.

ఇక అన్నం సహించకపోవడం. మనసు బాగాలేనప్పుడు ముందు పోయేది ఆకలే. ఆకలేశాక తింటాలే అనుకుంటే ఆ ఆకలి రాదు. గడియారం చూసి తిను. కంచం నిండా పెట్టుకోకు, చారన్నమో పెరుగన్నమో నాలుగు ముద్దలు చాలు, రెండు గంటలాగి మళ్లీ ఇంకొంచెం. గదిలో పిల్లతో కలిసి కూర్చో, ఎదురుగా ఇంకొకరు తింటుంటే మనకూ ముద్ద దిగుతుంది. కొందరికి ఇది తిరగబడుతుంది, అర్ధరాత్రి బిర్యానీలు, చిప్స్ ప్యాకెట్లు. నీకూ అలాంటి రాత్రి వస్తే, తిన్నానని మర్నాడు ఉపవాసం చేయకు. అక్కడే గొలుసు మొదలవుతుంది.

వాట్సాప్‌లో పంపావే, మనసు తీరు మీద పనిచేసే సెరటోనిన్ అనే రసాయనం 90 శాతం పేగుల్లోనే తయారవుతుందని, అది నిజమే. కానీ పేగుల్లోది మెదడుకు చేరదు. ఆ పేరు చెప్పి అమ్మే పొడులకు డబ్బు తగలెయ్యకు. నాకు నచ్చిన పరిశోధన ఒకటుంది, ఆస్ట్రేలియాలో జరిగింది, 2017లో అచ్చయింది. డిప్రెషన్ ఉన్న 67 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు 12 వారాలు పప్పులు, కూరగాయలు, గింజలు, చేపలు, ఆలివ్ నూనె తినడం నేర్పారు. రెండో జట్టుతో స్నేహంగా కబుర్లు చెప్పారు. మొదటి జట్టులో 32 శాతం మంది తేరుకున్నారు, రెండో జట్టులో 8 శాతం. చిన్న పరిశోధనే. పైగా అందులో చాలామంది అప్పటికే మందులో కౌన్సెలింగో తీసుకుంటున్నవాళ్లు. అంటే తిండి వైద్యానికి తోడు నిలిచింది, వైద్యాన్ని మానిపించలేదు. ఆలివ్ నూనె కోసం వెతకకు, మన కందిపప్పు, తోటకూర, పల్లీలు, పెరుగు చాలు.

నువ్వు మాంసం, గుడ్డు మానేసి చాలా రోజులైంది కదా. విటమిన్ బి12 తగ్గితే నీరసం, కాళ్లల్లో తిమ్మిర్లు, మతిమరుపు, దిగులు అన్నీ రావచ్చు. థైరాయిడ్ తేడా చేసినా, రక్తం తగ్గినా ఇలాంటి గోలే. ఆ మూడు పరీక్షలూ ఒకేసారి చేయించుకో.

దిగులు రెండు వారాలకు మించి వదలకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఎందుకీ బతుకు అన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగేది లేదు, అర్ధరాత్రయినా నాకు చెయ్యి, లేదా 14416కి చెయ్యి. అది టెలీ మానస్, మనసు బాగాలేనివాళ్ల కోసం పెట్టిన ఫోన్ సాయం, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మాత్రలు రాస్తే మొదటి వారాల్లో కొందరికి కడుపులో తిప్పుతుంది. అందుకని నీ అంతట నువ్వు ఆపెయ్యకు, తిన్నాక వేసుకోవచ్చేమో డాక్టర్‌నే అడుగు.

ఆదివారం మీ నాన్న వస్తున్నాడు. నువ్వుల లడ్డూలు, పల్లీ పట్టీలు పంపుతున్నా. గదిలో పిల్లలు రెండు రోజుల్లో ఊడ్చేస్తారని తెలుసు, అయిపోతే చెప్పు. రక్త పరీక్షలు పరగడుపున చేయించుకుని చాయ్ బండి దగ్గరికి పోవద్దు, ముందు ఏదైనా తిను. రిపోర్టులు నాకు ఫొటో తీసి పెట్టు.

నీ మేనత్త