అమ్మాయికి హులా నేర్పించవచ్చా?

హవాయిలోని హొనొలులుకు ఉద్యోగరీత్యా కొత్తగా వచ్చే తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే సందేహం ఒకటుంది: పిల్లను ఇక్కడి సంప్రదాయ నృత్యమైన హులా తరగతిలో చేర్పించవచ్చా, చేర్పిస్తే ఆ నృత్యాన్ని మన ఉగాది వేడుకలో చేయించవచ్చా?

నిస్సంకోచంగా చేర్పించండి; అబ్బాయి ఉంటే వాడినీ పంపండి, ఇది ఆడపిల్లలకే పరిమితమైన నృత్యం కాదు. ఉగాది వేదిక సంగతి మాత్రం తల్లిదండ్రులో సంఘం కార్యవర్గమో తీర్మానించేది కాదు. హులా నేర్పే గురువును కుము హులా అనీ, ఆయన శిష్యబృందాన్ని హాలావ్ అనీ అంటారు. ఏ పాటకు, ఎక్కడ, ఏ దుస్తుల్లో ఆడాలో నిర్ణయించేది కుము. కూచిపూడి గురువుకు చెప్పకుండా శిష్యురాలు గజ్జె కట్టి వేదికెక్కితే ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఇది నిషేధాన్ని తట్టుకుని నిలిచిన నృత్యం. క్రైస్తవం స్వీకరించిన హవాయి రాణి కాహుమాను 1830లో బహిరంగ హులాను నిషేధించింది. 1883లో తన పట్టాభిషేక వేడుకల్లో రాజు కలాకౌవా దానిని మళ్లీ అందరి ముందూ ఆడించాడు. హిలో పట్టణంలో ఏటా ఈస్టర్ వారంలో జరిగే మెర్రీ మోనార్క్ ఉత్సవానికి ఆ పేరు ఆయన బిరుదు నుంచే వచ్చింది. ఆ ఉత్సవంలోని హులా పోటీలు టీవీలో ప్రత్యక్షంగా వస్తాయి. పిల్లను చేర్పించే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని చూడండి. సొరకాయ బుర్రతో చేసిన ఇపు వాయిద్యం మీద దరువు వేస్తూ కుము మంత్రంలా పాడుతుంటే సాగే ప్రాచీన కాహికోకూ, ఉకులేలే, గిటార్‌లతో సాగే ఆధునిక అవానాకూ తేడా అప్పుడే తెలుస్తుంది. రెండింటిలోనూ చేతులు పాటలోని మాటలనే చెబుతాయి కాబట్టి, అర్థం తెలియకుండా అడుగులు మాత్రం నేర్చుకుంటే సగమే నేర్చుకున్నట్టు. హోటళ్ల విందుల్లో కనిపించే నిప్పుకత్తుల విన్యాసం సమోవాది, నడుము వేగంగా ఊపే నృత్యం తహితీది. వాటిని హులా అనకండి. అంగట్లో దొరికే ప్లాస్టిక్ గడ్డిపావడా కట్టించి, సినిమా పాటకు ఆడించి, హవాయి నృత్యమని ప్రకటించడం నా దృష్టిలో అమర్యాదే.

మే 1న లేయి, అంటే పూలమాల, దినోత్సవానికి బడుల్లో పిల్లలు హులా ఆడుతారు. తల్లిదండ్రులు తప్పక వెళ్లాలి. అక్కడ ఎవరైనా మీ మెడలో పూలమాల వేస్తే వద్దనకూడదు, వేసినవారి ఎదుట తీసేయకూడదు. గర్భిణులకు మాత్రం కొసలు ముడివేయని మాలనే ఇస్తారు, కనుక మీరు ఇచ్చేటప్పుడు కూడా అది గుర్తుంచుకోండి.