చైనా జాడీ అయినా మన చట్టమే: లండన్ వేలానికి పంపేముందు

ప్రశ్న: లాయర్ గారూ, మాది కాకినాడ. మా తాతగారు రంగూన్‌లో బియ్యం వ్యాపారం చేసి 1930ల చివర్లో తిరిగొచ్చారు. ఆయన తెచ్చిన మూడు వస్తువులు మా ఇంట్లో ఉన్నాయి. ఒకటి అడుగున ఆరు చైనా అక్షరాలున్న నీలం పువ్వుల పింగాణీ జాడీ, ఇంకొకటి సిల్కు గుడ్డ మీద వేసి, చుట్టి దాచుకునే బొమ్మ (చుట్ట బొమ్మ), మూడోది జపాన్‌లో చెక్కిన ఏనుగు దంతపు జాలరి బొమ్మ. తాతగారి నుంచి నాన్నగారికి వచ్చాయి. నాన్నగారు 2023లో వీలునామా రాయకుండా పోయారు. అమ్మ, నేను, ఇద్దరు చెల్లెళ్లు ఉన్నాం. లండన్‌లో ఉన్న మా అబ్బాయి అక్కడి వేలం సంస్థకు ఫోటోలు పంపితే, అన్నీ 19వ శతాబ్దం చివరివంటూ మంచి అంచనా ధర ఇచ్చారు. సంక్రాంతికి వచ్చినప్పుడు సూట్‌కేసులో పట్టుకెళ్తానంటున్నాడు. మన దేశపు విగ్రహాలు కావు కదా, ఇబ్బంది ఉంటుందా?

జవాబు: ఉంటుంది. సూట్‌కేసులో గానీ కొరియర్‌లో గానీ ఈ మూడింటిలో ఏదీ దేశం దాటకూడదు.

పురాతన వస్తువులు, కళాఖండాల చట్టం 1972లో వచ్చి, 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. అందులో పురాతన వస్తువుకు ఇచ్చిన నిర్వచనంలో అది ఏ దేశంలో తయారైందన్న ప్రస్తావనే లేదు. నాణెం, శిల్పం, చిత్రం, ఇతర కళాకృతి, చేతిపని వస్తువు ఏదైనా సరే, నూరేళ్లు నిండితే చాలు. చోళుల కంచు విగ్రహానికీ మీ జాడీకీ ఈ విషయంలో తేడా లేదు. సెక్షన్ 3 ప్రకారం అలాంటి వస్తువును కేంద్ర ప్రభుత్వం లేదా అది అధికారమిచ్చిన సంస్థ తప్ప వేరెవరూ ఎగుమతి చేయడానికి వీల్లేదు. ఎగుమతి చేసినా, ప్రయత్నించినా సెక్షన్ 25 కింద ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, జరిమానా. కస్టమ్స్ చట్టం కింద జప్తు, పెనాల్టీ వీటికి అదనం. ఒకరి తరఫున మరొకరు తీసుకెళ్లడాన్నీ ఆ సెక్షన్ కలుపుకుంది కాబట్టి మీ అబ్బాయితో పాటు మీరూ ఇరుక్కుంటారు.

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. లండన్‌లో ధర పలకాలంటే వస్తువు పాతదై ఉండాలి, విమానం ఎక్కాలంటే కొత్తదై ఉండాలి. ‘19వ శతాబ్దం చివరిది’ అంటూ వేలం సంస్థ పంపిన ఆ మెయిల్ రేపు కస్టమ్స్ అధికారి చేతిలో పడితే మీకే వ్యతిరేక సాక్ష్యం. ‘హస్తకళా వస్తువు’ అని బిల్లు రాయించి పంపిస్తామనే ఏజెంట్లు మీ దగ్గరకూ రావచ్చు. అది తప్పుడు డిక్లరేషన్. ఉన్న నేరానికి ఇంకోటి తోడవుతుంది.

వయసు మీద నిజంగా అనుమానముంటే తేల్చుకునే దారి ఉంది. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అమరావతి సర్కిల్ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి, వస్తువును నిపుణుల కమిటీ ముందు పెట్టాలి. పురాతన వస్తువు కాదని వాళ్లు సర్టిఫికెట్ ఇస్తేనే బయటికి పంపగలరు. వివాదం వస్తే సెక్షన్ 24 కింద ఆ శాఖ డైరెక్టర్ జనరల్, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి నిర్ణయమే అంతిమం. ‘మా వేలం సంస్థ ఇలా అంది’ అన్న వాదన అక్కడ నిలవదు.

జాడీ అడుగున ఉన్న ముద్రను నమ్మి మాత్రం ఏ నిర్ణయానికీ రావద్దు. ఆరక్షరాల ముద్రలో రాజవంశం పేరు, చక్రవర్తి పాలన పేరు, ‘కాలంలో చేసినది’ అన్న మాటలు ఉంటాయి. పాత రాజుల ముద్రను గౌరవంగానో, అమ్మకం కోసమో తర్వాతి కుమ్మరులు యథేచ్ఛగా వాడుకున్నారు. చైనా చక్రవర్తి కాంగ్‌షీ పాలన 1662 నుంచి 1722 వరకు. ఆయన ముద్ర వేసిన జాడీలు 19వ శతాబ్దం చివర్లో కుప్పలుగా తయారయ్యాయి. అందుకే వేలం కేటలాగులో ‘కాంగ్‌షీ ముద్ర’ అని ఉంటే ఒక ధర, ‘కాంగ్‌షీ ముద్ర, కాలం’ అని, అంటే నిజంగా ఆయన కాలంలోనే చేసినదని ఉంటే దానికి ఎన్నో రెట్ల ధర. ఏ కాలమో మీరు రాతపూర్వకంగా హామీ ఇవ్వకండి. తర్వాత తప్పని తేలితే కొన్నవాడు డబ్బు వెనక్కి అడుగుతాడు. అయితే ముద్ర అబద్ధమైనా నూరేళ్ల నిషేధం పోదు. 1890లో చేసిన ‘నకిలీ కాంగ్‌షీ’ కూడా ఈ చట్టం ప్రకారం పురాతన వస్తువే. జపాన్ మైజీ కాలపు (1868–1912) సరుకంతా ఇప్పటికే నూరేళ్లు దాటింది. ఈ గీత ఏటా ముందుకు జరుగుతూనే ఉంటుంది.

రిజిస్ట్రేషన్ సంగతి వేరు. నూరేళ్లు దాటిన ప్రతి వస్తువునూ రిజిస్టర్ చేయనక్కర్లేదు. 1976లోనూ 1980లోనూ వచ్చిన నోటిఫికేషన్లలో చెప్పిన రకాలకే అది తప్పనిసరి. అవి రాయి, టెర్రకోట, లోహం, దంతం, ఎముక, కొయ్య శిల్పాలు; కాగితం, గుడ్డ, సిల్కు, తోలు వంటి వాటి మీది చిత్రాలు; బొమ్మలున్న తాళపత్ర, కాగితపు ప్రతులు. మీ జాడీ పాత్రే గాని శిల్పం కాదు, కాబట్టి ఈ జాబితాలోకి రాదు. సిల్కు చుట్ట బొమ్మ, దంతపు బొమ్మ వస్తాయి. వారసత్వంగా చేతికొచ్చిన 15 రోజుల్లో సెక్షన్ 14 కింద రిజిస్టరింగ్ అధికారికి దరఖాస్తు ఇవ్వాలి. నాన్నగారి పేరిట పాత రిజిస్ట్రేషన్ ఉందేమో ముందు ట్రంకు పెట్టెల్లో వెతకండి. లేకపోతే, ఆలస్యానికి కారణం రాసి ఇప్పుడైనా దరఖాస్తు పెట్టండి. చేయకపోవడం ఆరు నెలల దాకా జైలుకు గానీ జరిమానాకు గానీ దారితీసే నేరం, వస్తువును జప్తు కూడా చేయవచ్చు. అధికారులు పట్టుకునే దాకా ఆగడం కన్నా, మనంతట మనమే వెళ్లడం ఎప్పుడూ మేలు.

దంతపు బొమ్మ అన్నిటికన్నా ప్రమాదం. ముందు అది దంతమేనా చూడండి. బొమ్మ అడుగుభాగాన్ని పదిరెట్ల భూతద్దంతో చూస్తే, ఏనుగు దంతంలో ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ పోయే వంపు గీతల వల కనిపిస్తుంది. ఎముకలో సన్నని నల్లటి చుక్కలు, చిన్న చీలికలు ఉంటాయి. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌లో గీతలు సమాంతరంగా, అచ్చుగుద్దినట్టు ఉంటాయి. ఎర్రగా కాల్చిన సూదితో పొడిచి చూసే పద్ధతి వద్దు, వస్తువు పాడవుతుంది. దంతమే అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డొస్తుంది. దిగుమతైన ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని కూడా 1991 సవరణ నిషేధించింది. అది ఏనుగు దంతం కాదు, అంతరించిపోయిన మామత్ దంతమనే వాదన కూడా బలరామ్ కుమావత్ కేసులో 2003లో సుప్రీంకోర్టు ముందు నిలవలేదు. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లు. పైగా సెక్షన్ 57 వల్ల, ఆ బొమ్మ మీ దగ్గర చట్టబద్ధంగానే ఉందని నిరూపించుకునే భారం మీదే.

వారసత్వంగా వచ్చిన దంతపు వస్తువును 90 రోజుల్లోగా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు డిక్లేర్ చేయాలని సెక్షన్ 40 చెబుతోంది. మీకు ఆ గడువు దాటిపోయింది. తాతగారి కాలం నుంచి ఉందని చూపే పాత ఫోటో, రంగూన్ రసీదు, పంపకాల జాబితా ఏది దొరికినా జతచేసి, లాయరు ద్వారా ఆలస్యపు డిక్లరేషన్ ఇవ్వండి. ఇప్పుడు రాయించే అఫిడవిట్ కన్నా ఆనాటి చీటీ ముక్కకే బలం ఎక్కువ. యాజమాన్య సర్టిఫికెట్ ఉన్నా అమ్మకం కుదరదు. వద్దనుకుంటే 2022 సవరణ ప్రకారం ప్రభుత్వానికి అప్పగించవచ్చు, పరిహారం మాత్రం రాదు. ఇక బ్రిటన్‌లో 2022 జూన్ 6 నుంచి అమలైన ఐవరీ చట్టం కింద అక్కడా ఇలాంటి బొమ్మ అమ్మడం దాదాపు అసాధ్యం. 1918కి ముందుదై, అసాధారణ కళాత్మక విలువ ఉందని సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే వీలుపడుతుంది.

ఇక మిగిలినవి జాడీ, చుట్ట బొమ్మ. వీటిని దేశంలోపల అమ్ముకోవడానికి చట్టం అడ్డురాదు. మీ ఇంటి వస్తువును ఒకసారి అమ్ముకోవడం వ్యాపారం కాదు, మీకు లైసెన్సు అక్కర్లేదు. వేలం వేసే సంస్థకు మాత్రం పురాతన వస్తువుల చట్టం సెక్షన్ 5 కింద లైసెన్సు ఉండాలి, నంబరు అడిగి చూడండి. కేటలాగులో ‘ఎగుమతికి వీల్లేనిది’ అని రాస్తారు, విదేశీ కొనుగోలుదారులు తప్పుకుంటారు. లండన్ అంచనాతో పోల్చుకుంటే ధర తక్కువే వస్తుంది. అది మింగుడుపడకపోతే అమ్మకుండా ఉంచుకోండి, తొందరేం లేదు. చుట్ట బొమ్మ అమ్మితే చేతులు మారిన సంగతి సెక్షన్ 17 కింద రిజిస్టరింగ్ అధికారికి తెలపాలి.

ఒప్పందంలో కనిష్ఠ ధర అంకెల్లో ఉండాలి. కమీషన్, ఫోటోల ఖర్చు, బీమా, అమ్ముడుపోకపోతే వాపసు ఖర్చు ఎవరివో రాసుకోవాలి. పాడుకున్నవాడు డబ్బు కట్టకపోతే ఏం జరుగుతుందన్న క్లాజు మరిచిపోకండి. 2010లో లండన్ శివారులో ఒక చైనా జాడీ 4.3 కోట్ల పౌండ్లకు పాట ముగిసింది, పాడుకున్నవాడు డబ్బు కట్టలేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 64 ప్రకారం సుత్తి పడగానే అమ్మకం పూర్తయినట్టే. కాని చేతికి డబ్బు రాకముందే వస్తువును వదలకూడదని మీ ఒప్పందమే చెప్పాలి. ధర పెంచడానికి మీవాళ్లచేత దొంగపాట పాడిస్తే, కొన్నవాడు ఆ అమ్మకాన్ని రద్దు చేయించగలడు.

అమ్మే ముందు సంతకాలు. నాన్నగారు వీలునామా రాయలేదు కాబట్టి అమ్మగారికీ మీకూ చెల్లెళ్లిద్దరికీ హక్కుంది. అందరూ కలిసి సంతకం చేసిన అంగీకార పత్రం లేకుండా ఏ పేరున్న సంస్థా వస్తువు తీసుకోదు, తీసుకున్నా రేపు ఓ చెల్లెలు స్టే తెస్తే డబ్బు ఆగిపోతుంది. మూలధన లాభంపై పన్నును ఎవరి వాటాకు వాళ్లే కట్టాలి. కళాఖండాలకు ‘ఇంటి సామాను’ మినహాయింపు వర్తించదు. 2001 ఏప్రిల్ 1 నాటి విలువను ఖరీదుగా చూపే వీలుంది కనుక రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత ఆ నాటి విలువ రాయించండి. 2024 జూలై 23 నుంచి జరిగే అమ్మకాలకు దీర్ఘకాలిక లాభంపై రేటు 12.5 శాతం.

మీ అబ్బాయిచేత లండన్ సంస్థకు ఈ వారంలోనే మెయిల్ పెట్టించండి: వస్తువులు భారత్‌లోనే ఉన్నాయి, ఎగుమతి అనుమతి లేదు, అమ్మకానికి ఇవ్వడం లేదు అని. ఇప్పటికే ఏదైనా ఒప్పందం మీద సంతకం పెట్టి ఉంటే, వస్తువు చట్టబద్ధంగా దేశం దాటిందని అమ్మకందారు హామీ ఇచ్చే క్లాజునూ, ఉపసంహరణ రుసుము ఎంతో చెప్పే క్లాజునూ చూసి, ఆ కాపీ నాకు పంపండి.