యానిమేషన్ సందేహాలు: టైమ్‌లైన్‌ను ఏజెంట్‌కు ఎంతవరకు ఇవ్వాలి?

ప్రశ్న: ఇంటి దగ్గరే బ్లెండర్ అనే 3డి యానిమేషన్ ప్రోగ్రాములో పిల్లల పాటలకు వీడియోలు చేస్తుంటాను. ఈమధ్య ఎంసీపీ (మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్) ద్వారా ఒక ఏఐ ఏజెంట్‌ను కలిపాను. బంతి రెండు మీటర్ల ఎత్తు నుంచి పడి ఎగరాలి అని చెబితే కీలు (ఏ ఫ్రేములో వస్తువు ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) చకచకా పెట్టేసింది. కానీ బంతి నేలను కొట్టినట్టే లేదు. సరిచేయమంటే, అదే సీన్‌లో నేను ముందే చేసుకున్న పిల్లి నడక కీలు కూడా కదిలిపోయాయి. కంట్రోల్ జెడ్ కొడితే ఎక్కడికో వెనక్కి పోయింది. ఏజెంట్‌తో ఈ పని మానేయాలా? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: మానేయక్కర్లేదండీ. 2024 నవంబరులో వచ్చిన ఎంసీపీ, ఏఐ మోడల్‌కు బయటి టూల్స్ అందించే పద్ధతి మాత్రమే. ఏ టూల్స్ అందించాలన్నది మన ఇష్టం. ఏజెంట్‌ను బ్లెండర్‌కు కలిపే ఇలాంటి యాడాన్లలో (అదనపు భాగాల్లో) తరచూ ‘పైథాన్ కోడ్ నడుపు’ అనే ఒక్క టూలే పనంతా చేస్తుంది. అంటే ఏజెంట్ తనకు తోచిన కోడ్ రాసి సీన్‌లో దేన్నైనా ముట్టుకోవచ్చు. మీ పిల్లి అలాగే కదిలి ఉంటుంది. పైగా బ్లెండర్ 4.4లో యాక్షన్ల (ఒక కదలిక కీలన్నీ దాచే మూటల) లోపలి అమరిక మారింది, 5.0లో పాత పద్ధతి తీసేశారు. పాత పద్ధతిలో కోడ్ రాసి, ఎర్రర్ రాగానే ఇంకో దారి వెతికే ఏజెంట్ ఉన్న కీలను చెరిపేసే ప్రమాదం ఉంది.

బంతి సంగతి చూద్దాం. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట ఇచ్చేది బంతే, ఎందుకంటే తప్పు దాచుకోవడానికి అందులో చోటుండదు. కొత్త కీకి బ్లెండర్ మామూలుగా బెజియర్ వంపు (మెల్లగా మొదలై మెల్లగా ఆగే గీత), ఆటో క్లాంప్డ్ హ్యాండిల్ (కీ దగ్గర ఆ వంపును నిర్ణయించే పిడి) ఇస్తుంది. బంతి పైకెళ్లి తిరిగే చోట అది చక్కగా కుదురుతుంది. నేల దగ్గర అదే వంపు వస్తే మాత్రం బంతి ముందే నెమ్మదించి బెలూన్‌లా ఆనుతుంది. కీలు సరైన ఫ్రేముల్లోనే ఉంటాయి, ఎత్తులూ సరిగ్గానే ఉంటాయి కాబట్టి ఏజెంట్ ‘పూర్తయింది’ అంటుంది. కదలికను గీతగా చూపే గ్రాఫ్ ఎడిటర్ తెరిచి చూడండి. నేల తాకే కీ దగ్గర గీత గుండ్రంగా తిరుగుతుంటుంది, అక్కడ కోసుగా విరగాలి. ఆ కీని ఎంచుకుని వి నొక్కి, హ్యాండిల్‌ను వెక్టర్‌కు మార్చండి.

కాలం కూడా సరిచూడండి. 2 మీటర్ల నుంచి పడటానికి సుమారు 0.64 సెకను పడుతుంది. 24 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకు 24 ఫ్రేములు) అది 15 ఫ్రేములు, కాబట్టి 1వ ఫ్రేములో వదిలితే 16లో తాకాలి. తర్వాత 1 మీటరే ఎగిరితే ఎక్కడానికి 11, దిగడానికి 11. ఎత్తు సగమైందని కాలం సగమైపోదు. ఈ లెక్క స్పష్టంగా రాసిస్తే ఏజెంట్ బాగా పాటిస్తుంది.

ఇక టూల్స్. కోడ్ నడిపే టూల్‌ను ఆపేసి, చిన్నవి నాలుగైదు పెట్టుకోండి. వాటిని రాయడానికి అదే ఏజెంట్ సాయం తీసుకోవచ్చు. మొట్టమొదట చదివే టూల్ కావాలి: ఫలానా వస్తువుకు ఏ ఛానెల్‌లో (ఎత్తు, తిరుగుడు లాంటివి), ఏ ఫ్రేములో, ఏ విలువ, ఏ హ్యాండిల్ ఉన్నాయో చెప్పాలి. తర్వాత కీ పెట్టేది, జరిపేది, హ్యాండిల్ మార్చేది. మార్పు చేసే ప్రతి టూల్‌కూ వస్తువు పేరు, ఛానెల్, ఫ్రేము తప్పనిసరి చేయండి. పని అయ్యాక అది ‘ముందు ఇంత, ఇప్పుడు ఇంత’ అని జవాబివ్వాలి. ఒట్టి ‘సరే’ అంటే ఏం మారిందో ఏజెంట్‌కే తెలియదు. టూల్ కోడ్ చివర అన్‌డూ పుష్ (వెనక్కి వెళ్లడానికి ఒక మెట్టు వేసే ఆదేశం) పిలవడం మరవకండి. స్క్రిప్టు నేరుగా చేసిన మార్పులకు బ్లెండర్ తనంతట తాను అన్‌డూ మెట్టు వేయదు, మీ కంట్రోల్ జెడ్ అంత దూరం పోయింది అందుకే. పిల్లి యాక్షన్‌ను డూప్లికేట్ చేసి, ఏజెంట్‌కు కాపీనే అప్పగించండి.

ఇంకొక్క మాట. స్క్రీన్‌షాట్ పంపితే ఏజెంట్‌కు కనిపించేది ఒక్క ఫ్రేము, కదలిక కాదు. నేల తాకే ఫ్రేముకు ముందు మూడు, తర్వాత మూడు పక్కపక్కన ఒకే బొమ్మలో పేర్చి ఇచ్చే టూల్ ఉంటే బంతి ఎక్కడ నెమ్మదించిందో పట్టుకోగలదు. అయినా స్పేస్‌బార్ నొక్కి చూడాల్సింది మీరే. టైమింగ్ (ఏ కీ ఏ ఫ్రేములో పడాలన్నది) దానికి వదలండి, స్పేసింగ్ (కీల మధ్య ఒక్కో ఫ్రేముకు ఎంత దూరం కదలాలన్నది) మాత్రం ఎవరికీ ఇవ్వకండి. బంతి బరువు తెలిసేది అందులోనే.

ప్రశ్న: తెలుగు డైలాగుకు పెదాల కదలిక కూడా ఏజెంట్‌తో పెట్టించవచ్చా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: పెట్టించవచ్చు. వినే పని మాత్రం రూబార్బ్ లిప్ సింక్ అనే ఉచిత ప్రోగ్రాముకు ఇవ్వండి. మామూలు సెట్టింగ్ ఇంగ్లిష్ కోసం, మీరు ఫొనెటిక్ (భాషతో పని లేకుండా శబ్దాలను గుర్తించేది) ఎంచుకోవాలి. ఏ సెకను నుంచి ఏ సెకను దాకా నోరు ఏ ఆకారంలో ఉండాలో అది జేసన్‌లో (ప్రోగ్రాములు చదవగల పాఠ్యం) ఇస్తుంది. ఆకారాలకు ఇంగ్లిష్ అక్షరాలే పేర్లు, ‘ఎ’ (A) అంటే మూసిన పెదాలు. ఆ సెకన్లను 24తో గుణించి, శబ్దం 1వ ఫ్రేములో మొదలైతే ఒకటి కలిపి, కాన్‌స్టెంట్ కీలు (తర్వాతి కీ దాకా ఆకారం మారనివి) పెట్టడం ఏజెంట్ పని. నోరు ఒక ఫ్రేము ముందున్నా చెల్లుతుంది, వెనకబడితే కంటికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. మన ద్విత్వాలను మాత్రం మీరే చూసుకోండి. అమ్మ, చెప్పు లాంటి మాటల్లో పెదాలు మూసుకుని కాసేపు ఆగుతాయి. అక్కడ మూత ఒక్క ఫ్రేమే పడితే ‘అమ’ అన్నట్టుంటుంది. మూడు ఫ్రేముల కన్నా తక్కువ మూతపడిన చోట్ల పట్టిక ఇమ్మని ఏజెంట్‌ను అడగండి. వాటిలో ద్విత్వం ఉన్నవి ఎంచి, మూడు నాలుగు ఫ్రేములకు పెంచండి.