పొడుగాటి పాత ఇంట్లో వెనక గదుల దాకా వైఫై రావాలంటే ఎన్ని మెష్ పెట్టెలు కొనాలి?

అడిగినవారి ఇల్లు వీధి గుమ్మం నుంచి పెరటి గోడ దాకా 100 అడుగుల పైనేనట. రూటరు వీధి గదిలో ఉందట. వంటింట్లోకి వెళ్ళేసరికి వీడియో ఆగిపోయి గుండ్రం తిరుగుతూ ఉంటుందట. మూడు పెట్టెల మెష్ సెట్టు (ఒకే వైఫైని ఇల్లంతా అందించే పెట్టెల జట్టు) సరిపోతుందా, నాలుగోది కూడా తీసుకోవాలా అని ప్రశ్న. చదువుతుంటే మా ఇంటి గురించే ఎవరో అడిగినట్టుంది, అందుకే రాస్తున్నాను.

రెండు చాలు, మహా అయితే మూడు. కానీ ముందు ఆ పెట్టెల్ని కలిపే నెట్‌వర్క్ తీగ కొనండి, పెట్టెలు ఆ తర్వాత. మేం ఈ వరస తిరగేసి కొన్నాం, ఎనిమిది నెలలు అవస్థ పడ్డాం.

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. మామగారి తాతగారు కట్టించిన ఇల్లు. వెడల్పు 14 అడుగులు, పొడుగు 110. వీధరుగు, సావిడి, నడవ, నడిమిల్లు, రెండు గదులు, వంటిల్లు, ఆ వెనక వసారా, పెరట్లో నుయ్యి. ఒక ఇంటి గోడే పక్కింటివాళ్ళకీ గోడ. ఇటు బరంపురం నుంచి అటు శ్రీకాకుళం దాకా పాత వీధుల్లో ఇలాంటి ఇళ్ళు చాలా ఉంటాయి. వీధి గుమ్మంలో నిలబడితే పెరట్లో తులసికోట కనిపించేలా గుమ్మాలన్నీ ఒకే వరసలో ఉంటాయి. మధ్యలో అడ్డగోడలు మాత్రం అడుగున్నర మందం, సున్నం కట్టుబడి. మా ఇంట్లో అలాంటివి ఆరున్నాయి.

మెష్ డబ్బాల మీద అచ్చేసే చదరపు అడుగుల లెక్క నమ్మకండి. మేం కొన్నదాని మీద వేల చదరపు అడుగులకి సరిపోతుందని రాసి ఉంది. మా ఇల్లు మొత్తం కలిపితే 1,540 చదరపు అడుగులు. లెక్కప్రకారం ఒక్క పెట్టెతోనే అయిపోవాలి. కానీ ఆ లెక్క హాలు మధ్యలో పెట్టె పెట్టి చుట్టూ పల్చటి గోడలున్న ఫ్లాటుని చూసి వేసింది. మనవి చతురస్రాలు కావు, గొట్టాలు. గొట్టం ఈ కొసన దీపం పెడితే ఆ కొసకి ఎంత వెలుగు వస్తుంది? అసలు ఫైబరు బిగించడానికి వచ్చేవాళ్ళు పెట్టెని వీధి గుమ్మం పక్కన, మీటరు బోర్డు కింద, తీగ ఎక్కడ లోపలికి వస్తే అక్కడే బిగించేసి వెళ్ళిపోతారు. ఇంకో పాతిక అడుగులు లోపలికి తీసుకెళ్ళండి బాబూ అని బతిమాలితే, తీగ లేదంటారు. సగం ఇళ్ళలో వైఫై జబ్బు ఆ పది నిమిషాల్లోనే మొదలవుతుందని నా గట్టి నమ్మకం.

నేను వెనక గదిలో కూర్చుని ఇంటినుంచే ఉద్యోగం చేస్తాను. 100 ఎంబీపీఎస్ (ఇంటర్నెట్ వేగం కొలత) ప్లాను. సావిడిలో 90 పైచిలుకు వచ్చేది, నా బల్ల దగ్గర ఏమీ వచ్చేది కాదు. మూడు పెట్టెల సెట్టు తెప్పించి ఒకటి సావిడిలో, ఒకటి నడిమింట్లో బీరువా మీద, ఒకటి నా గదిలో పెట్టాం. మొబైల్లో ఆప్ తెరిస్తే మూడింటికీ పచ్చచుక్కలు. నడిమింట్లో 40, నా గదిలో 9 వచ్చింది. అప్పటిదాకా సున్నా కాబట్టి 9 చూసి సంతోషపడ్డాం. మా అత్తయ్య ఆరోజు పటికబెల్లం కూడా పంచిపెట్టారు.

అసలు సంగతి అన్నప్రాశన రోజున తెలిసింది.

మా ఆడపడుచు మనవడికి బెంగళూరులో అన్నప్రాశన. అత్తయ్యకి 76 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, రైలెక్కలేరు. వీడియోలో చూస్తానన్నారు. ఇక్కడ కూడా మునిమనవడి పేరున పరమాన్నం చేస్తానని తెల్లారే పొయ్యి దగ్గర కూర్చున్నారు. సావిడిలో కాల్ కలిపాం, బొమ్మ అద్దంలా ఉంది. పిల్లాడి ముందు పుస్తకం, కలం, బంగారు గొలుసు, నోట్ల కట్ట, మట్టి ముద్ద అన్నీ వరసగా పెట్టి, పాకమని వదులుతున్నారు. అత్తయ్యా రండి అని పిలిస్తే, పాలు పొంగుతాయి, ఫోనే ఇటు తెమ్మన్నారు. ఫోను పట్టుకుని గబగబా లోపలికి నడిచాను. నడవ దాటాను, నడిమిల్లు దాటాను, వంటింటి గుమ్మంలోకి వచ్చేసరికి పిల్లాడు ఒక చెయ్యి ముందుకి చాపి అలాగే ఆగిపోయాడు.

"ఏటమ్మా, పిల్లడు కదల్డేటి?" అన్నారు అత్తయ్య, గరిటె చేత్తో పట్టుకునే.

వస్తుందత్తయ్యా, వస్తుంది అంటూ ఫోను పైకెత్తి పట్టుకున్నాను. అవతలనుంచి చప్పట్లు ఒక ముక్క వినపడి ఆగిపోయింది. మళ్ళీ సావిడిలోకి పరిగెత్తేసరికి వాడు కలం పట్టుకున్నాడని అందరూ ఒకేసారి అరుస్తున్నారు. మేం అడిగితే పాపం మళ్ళీ పాకించారు. రెండోసారి వాడు గొలుసు పట్టుకున్నాడు. అత్తయ్య మాత్రం, "మొదటిసారి పట్టుకున్నదే లెక్క, అది నేను చూడలేదు" అని ఆ రోజంతా మెల్లగా అంటూనే ఉన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నా గదిలో మూడో పెట్టె ఉండగా అలా ఎందుకయింది? ఆ రాత్రినుంచి వారం రోజులు ఇదే పని మీద కూర్చున్నాను. రెండు కారణాలు తేలాయి.

మొదటిది, ఏ పెట్టెని పట్టుకోవాలో తేల్చేది మెష్ కాదు, ఫోను. సావిడి పెట్టెని పట్టుకున్న ఫోను నాలుగు గోడలు దాటినా దాన్ని వదలదు. పక్కనే బలంగా ఇంకో పెట్టె ఉన్నా చూడదు, మొదటిది దాదాపు తెగిపోయేదాకా వేలాడుతుంది. సరిహద్దు ఊళ్ళవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మా పక్కనే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. పెరట్లో ఉంటే ఫోను ఆంధ్రా సర్కిల్ టవరు పట్టుకుంటుంది, వీధిలోకొస్తే ఒడిశా టవరు దగ్గరగా ఉన్నా పాతదాన్నే పట్టుకుని ఊగిసలాడుతుంది, మాట తెగుతుంది. ఇంట్లో మూడు పెట్టెల మధ్య జరిగేదీ అంతే. 802.11 కె, వి, ఆర్ అని మూడు ఏర్పాట్లుంటాయి. మొదటి రెండూ ఉంటే పక్కన ఏ పెట్టెలున్నాయో, దేనికి మారితే మంచిదో పెట్టె ఫోనుకి చెప్పగలదు. మూడోది ఉంటే ఆ మారడం చిటికెలో అయిపోతుంది. కొనేముందు ఆ మూడూ ఉన్నాయా అని అడగండి. పాత ఫోన్లు వాటిని లెక్కచెయ్యవు, అత్తయ్య ఫోను అలాంటిదే. దానికి మందు, సావిడి పెట్టె ప్రసార బలాన్ని సెట్టింగుల్లో తగ్గించడం. అప్పుడు ఫోను నడిమింట్లోకి రాగానే దాన్ని వదిలేస్తుంది. బలం పెంచాలనే అందరూ చూస్తారు గానీ పొడుగింట్లో తగ్గించడమే పని చేస్తుంది.

రెండోది ఇంకా ముఖ్యం. తక్కువ ధరవి రెండు బ్యాండ్ల పెట్టెలు, అంటే వైఫై పోయే రేడియో దారులు రెండు, 2.4, 5 గిగాహెర్ట్జ్. 5 వేగంగా పోతుంది గానీ గోడ అడ్డొస్తే నీరసపడుతుంది. 2.4 గోడల్లోంచి దూరం పోతుంది గానీ నిదానం. పైగా మనలా గోడలు కలిసిన వీధుల్లో అటూ ఇటూ ఇళ్ళవాళ్ళ రూటర్లన్నీ దానిమీదే ఉంటాయి. అందులో ఒకదానిమీద ఒకటి పడనివి 1, 6, 11 అనే మూడు చానళ్ళే. ఇక నడిమింటి పెట్టె సావిడి పెట్టె దగ్గర అందుకున్నదాన్ని అదే 5 మీద వెనక్కి పంపాలి. నూతి దగ్గర వరసగా నిలబడి బిందెలు అందించుకోవడం చూశారు కదా. ఒక మనిషి అందుకుంటున్నప్పుడు అందించలేడు, అందిస్తున్నప్పుడు అందుకోలేడు. అందుకే ఒక్కో అంచెలో వేగం సుమారు సగానికి పడుతుంది, గోడల దెబ్బ దానికి అదనం. 90 కాస్తా 40, 40 కాస్తా 9 అయింది అందుకే. నాలుగో పెట్టె కొంటే ఇంకో అంచె పెరుగుతుంది, అంతే. పెట్టెల మధ్య మాటకి విడిగా మూడో బ్యాండు ఉన్నవి దొరుకుతాయి, ధర చాలా ఎక్కువ. అవి కూడా అడుగున్నర సున్నపు గోడల ముందు తీగకి సాటి రావని నేను పందెం కట్టి చెబుతాను.

ఈ వారంలోనే కంపెనీ సహాయ కేంద్రానికి కూడా ఫోను చేశాను. ఊరు ఒడిశాలో ఉంది కాబట్టి హిందీ, ఒడియా, ఇంగ్లీషు మాత్రమే అన్నారు. తెలుగు కావాలంటే ఆంధ్రా నంబరు నుంచి చెయ్యాలట. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో బడిపంతులుగా చేరిన ఊరు మాది. సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ళకి పుస్తకాలు రాశారు, వాడుక తెలుగు కోసం జీవితమంతా పోరాడారు. 1936లో ఒడిశా ఏర్పడి ఊరు అటు వెళితే మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ ఊళ్ళో కూర్చుని నా ఇంటి పెట్టె పనిచెయ్యడం లేదని నా భాషలో చెప్పుకోలేకపోవడం నాకు నిజంగా బాధ వేసింది. ఒడియా నాకు వచ్చు, అందులోనే మాట్లాడాను. అత్తయ్యలాంటివాళ్ళు ఎవరితో చెప్పుకోవాలి?

సరే, తీగ సంగతి. సావిడి పెట్టెనీ వెనక పెట్టెనీ నేరుగా కలిపేది ఇదే, అప్పుడు వాటి మధ్య మాట గోడల్లోంచి పోనక్కర్లేదు. క్యాట్6 తీగ 45 మీటర్లు పట్టింది. గిగాబిట్ వేగం, అంటే 1000 ఎంబీపీఎస్, 100 మీటర్ల దాకా తగ్గకుండా వస్తుంది, కాబట్టి మన ఇళ్ళ పొడుగు ఒక లెక్క కాదు. పూర్తి రాగిదే కావాలని దుకాణంలో గట్టిగా అడగండి. అల్యూమినియం మీద రాగిపూత వేసింది చవగ్గా అంటగడతారు. కొసని బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనిపిస్తుంది, అది వద్దు. మా వైరింగు కుర్రాడు సగం ఒడియా సగం తెలుగు మాట్లాడతాడు, పని మాత్రం పూర్తిగా చేస్తాడు. "అక్కా, సున్నపు గోడకి డ్రిల్లు పెడితే పెచ్చులు రాలిపోతాయి, గుమ్మాల పైన వెంటిలేటర్లున్నాయి కదా" అని వాటిలోంచే, అటక మీదుగా, ఒక్క కన్నం పెట్టకుండా వంటింటి దాకా తెచ్చేశాడు. ఎలకల కోసం మొత్తం పీవీసీ పైపులో. కరెంటు తీగలున్న పైపులో కలపనివ్వలేదు, అది మీరూ కలపనివ్వకండి. పెంకుల మీంచి బయటగా లాగితే తేలికే గానీ కోతులు బతకనివ్వవు, పిడుగులు పడే రోజుల్లో పెట్టెలు కాలిపోతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో పైన వేలాడుతున్న తీగ ఒక్కటి మిగల్లేదు.

కొసన పిన్ను కొట్టించేటప్పుడు దగ్గరుండి చూడండి. లోపల ఎనిమిది సన్నతీగలుంటాయి, గిగాబిట్‌కి ఎనిమిదీ కూర్చోవాలి. ఒకటి సరిగా దిగకపోతే వేగం 100కి పడిపోతుంది, లేకపోతే అసలు కలవదు. మాకు మొదటిసారి అలాగే అయితే కోసి మళ్ళీ కొట్టాడు.

నడిమింటి పెట్టెని బీరువా మీంచి తీసేశాం. ఇనప బీరువా వెనక ఉన్నదంతా చీకటే. బీరువా అత్తయ్య పెళ్ళినాటిది, దాన్ని కదపలేం కాబట్టి పెట్టెనే గుమ్మాల వరసకి ఎదురుగా గోడకి కొట్టించాం. ఆ ఒక్క మార్పుకే ఎంత తేడా వచ్చిందో! తలుపులు తీసి ఉంటే సిగ్నలుకి అదే రాచబాట. ఫైబరు కంపెనీ ఇచ్చిన పెట్టెలో వైఫై ఆపేయించాం, మెష్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి, అంటే రూటరు పని మాని వైఫై పంచడం మాత్రమే చేసేలా మార్చాం. లేకపోతే రెండు రూటర్లు ఒకదాని మీద ఒకటి స్వారీ చేస్తాయి. మా ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్కుకి భద్రంగా కలిపే దారి) మాటిమాటికీ తెగడం దాంతోనే ఆగింది. మూడు పెట్టెల్నీ ఇన్వర్టరు లైనులో పెట్టించాం. ఒక్కదానికి పెట్టి రెండోదానికి మరిచిపోతే కరెంటు పోయినప్పుడు వెనకిల్లు మళ్ళీ మొదటికొస్తుంది.

ఇప్పుడు నా బల్ల దగ్గర 90 వస్తోంది. వంటింట్లో కూడా అంతే. అంటే నిజానికి నా గదికీ వంటింటికీ కలిపి ఒకటి, సావిడికి ఒకటి, ఈ రెండే పనిచేస్తున్నాయి. తీగ వచ్చాక నడిమింటిదాన్ని వారం ఆపి చూశాను, ఎవరూ గమనించలేదు. మీరు రెండు పెట్టెల సెట్టు, 50 మీటర్ల తీగ తీసుకుని మొదలుపెట్టండి.

పోయిన నెల పిల్లాడికి పుట్టువెంట్రుకలు తీయించారు. అత్తయ్య పొయ్యి దగ్గర పీట వేసుకుని, ఫోను ఉప్పుజాడీకి ఆనించి, మొదటి కత్తెర నుంచి గంధం పూసేదాకా చూశారు. నుయ్యి గట్టు దగ్గర మాత్రం ఇంకా ఒక్క గీతే వస్తోంది. సాయంత్రాలు ఆవిడ కూర్చునేది అక్కడే. నడిమింటి పెట్టెని వసారాకి మార్చమంటున్నారు. వానలు తగ్గాక ఆ కుర్రాణ్ణి మళ్ళీ పిలుస్తాం.